కాలవలో జిగురు ముద్దలు

మా పెడనలో చిలకమ్మ నోటికి భయపడని వాళ్ళు లేరు. కలంకారీ బట్టను కాలవలో జాడించడం ఆమె పని. పటిక అచ్చు వేసిన బట్టను పారే నీళ్ళలోనే జాడించాలి. నిలవ నీళ్ళలో అయితే ఊడిన పటిక తెల్లటి చోటుకీ అంటి, ఎర్ర రంగులో ఉడకేసినప్పుడు అక్కడా ఎరుపెక్కుతుంది. అచ్చులు వేసేదాన్ని, నాకా సంగతి తెలుసు.

ఈ ఎండాకాలం బట్టకు జిగురు ముద్దలు అంటుకోవడం మొదలైంది. దులిపితే రాలవు, పిండితే పోవు. ఉడకేశాక చూస్తే అవి అంటిన చోటల్లా ఎరుపు ఎక్కలేదు.

"ఇంకో తాను పాడైతే జాడింపు వేరే ఊరు పంపించుకుంటా చిలకమ్మా," అన్నారు యజమాని శివరామయ్యగారు. ఆ పని పోతే ఆమెకు మరో పని రాదు. ఆ ముద్దలు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూద్దామని నేను కాలవ వెంట నడిచాను.

గట్టున చిరిగిన డైపరు ఒకటి దొరికింది. పొట్టలో అవే ముద్దలు!

"ఇందులో వేసేది పొడి పిన్నీ. నీళ్ళు తాగి ఇలా ఉబ్బుద్ది, ఇక వదలదు," అన్నాను చిలకమ్మతో. మంచం పట్టిన రోగులకు అదే ఆధారమట. ఉండనీ, మా కాలవలో దానికేం పని?

"ఏ ముండ పడేస్తందో, దాని నోట్లోనే కుక్కుతా!" అంటూ చిలకమ్మ కుచ్చిళ్ళు ఎగదోపి ఎగువ వంతెనకు నడిచింది. వెనకే నేను. కాసేపటికి నల్ల కవరుతో వచ్చింది ఎవరనుకున్నారు? ఆమె కోడలు దుర్గాభవాని.

"నువ్వటే! అత్త కూటికే ఎసరు పెడతావా?"

కోడలు బెదరలేదు. "పిల్లాడి మైల నిప్పులో పడితే వాడి ఒళ్ళు మండుద్ది, పారే నీళ్ళకి వదలమన్నది ఎవరు? మీరు కాదా అత్తయ్యా? ఊళ్ళో అత్తలందరూ అదే చెప్పారు."

పురిట్లో గుడ్డల గురించి అన్న మాట అది. చిలకమ్మ కవరు లాక్కుని పోయి పెరట్లో గొయ్యి తవ్వి పూడ్చింది.

మర్నాడు పొద్దున్నే కర్ర పట్టుకుని వంతెనకు అడ్డంగా నిలబడింది. కవర్లతో వచ్చిన ఆడవాళ్ళు నవ్వారు.

"మరి మీ మనవడివి ఇన్నాళ్ళూ ఎక్కడ పడేశారండీ?" అంది వాళ్ళలో ఉన్న లక్ష్మీదుర్గ.

"ఇక్కడేనే! నా నోట్లో నేనే మన్ను కొట్టుకున్నా. ఇంకెవరి చేతా కొట్టించుకోను. వెనక్కి తిరగండి!"