రెండో భాగం చూసినవాళ్ళు ఏమన్నారంటే

ఈ ఉదయం కుళాయిలో నీళ్ళు వచ్చే ముందు గాలి గుడగుడలాడింది. రెండు దగ్గులు, ఒక పొడవాటి ఈల, ఆ తరువాత సన్నటి ధార. మా ఆవిడ బిందె పట్టుకుని వచ్చేసరికి నేను గోడకు ఆనుకుని నవ్వుకుంటున్నాను. "ఏటయింది?" అంది. "సింహాద్రి గారు వస్తున్నారు" అన్నాను. ఆమెకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ దగ్గులనూ ఆ ఈలనూ నాటకంలో హార్మోనియం మీద అచ్చంగా అలాగే పలికించిన మనిషిని ఆమె కూడా చూసింది. చూడనివారి కోసం ఇది రాస్తున్నాను.

సింహాద్రి గారు భిలాయి ఉక్కు కర్మాగారంలో, మెషిన్ షాపులో నా ఫోర్‌మన్. బొబ్బిలి వైపు మనిషి. పొట్టిగా, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ముక్కతో, లేతు మిషన్ల మధ్య కూనిరాగం తీస్తూ నడిచేవారు. రాగం ఆగిందంటే ఏదో మిషన్ చప్పుడు ఆయనకు నచ్చలేదని అర్థం. డెబ్భైల చివర ఆయన రాసి ఆడించిన పాటల హాస్య నాటకం "కుళాయి కళ్యాణం" అక్కడి తెలుగువాళ్ళకు కంఠతా వచ్చు. ఎదురెదురు క్వార్టర్లు, వీధికి ఒకటే కుళాయి, బిందెల వరస కోసం ఇద్దరు తండ్రుల పోట్లాట, ఆ పోట్లాటంతా పాటల్లోనే. అదే వరసలో రోజూ నిలబడే వాళ్ళ పిల్లా పిల్లవాడూ చివరికి పెళ్ళి చేసుకుంటారు. ఒక తండ్రి వేషం సింహాద్రి గారిది. హార్మోనియం వాయించేదీ ఆయనే కాబట్టి, తన పాట వచ్చినప్పుడల్లా పెట్టెను వేదిక మీదికి మోసుకొచ్చేవారు. జనం ఆ మోతకు కూడా చప్పట్లు కొట్టేవారు. పెళ్ళికూతురు మా క్రేన్ డ్రైవర్ తిరుపతిరావు. మీసం తీసేసినందుకు వాళ్ళావిడ అతనితో వారం రోజులు మాట్లాడలేదట.

ఆ తరువాత పద్దెనిమిదేళ్ళపాటు సింహాద్రి గారు ఎక్కడ కనిపించినా, ఖుర్సీపార్ బజారులో వంకాయలు ఏరుకుంటున్నా సరే, జనం అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆళ్ళ పెళ్ళయ్యాక ఏటయింది బాబూ?" తొంభైల నడుమ, తన రిటైర్మెంటు ఇంకో రెండు నెలలుందనగా, ఆయన దానికి జవాబు రాశారు. రెండో భాగంలో ఇంటింటికీ కుళాయి వచ్చేసింది. వియ్యంకులిద్దరికీ పోట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆ బెంగతో ఇద్దరూ చిక్కిపోతుంటే, వాళ్ళ మధ్య మళ్ళీ ఒక పోట్లాట రాజేయడానికి ఇంటిల్లిపాదీ పడే పాట్లే కథ. అందులో ఒకచోట ముసలి తండ్రి, ఎండిపోయిన వీధి కుళాయి దగ్గర కూర్చుని దానికి తన గోడు చెప్పుకుంటూ పాడతాడు. పన్నెండు చరణాలు. నా గడియారం ప్రకారం పదకొండు నిమిషాలు. "ఈ పాట కోసమే నాటకం రాసినాను. ఇది పాడేసి ఇంటికెళ్ళిపోతాను. నాకింకేటీ అక్కర్నేదు" అన్నారు నాతో.

మాకు షిఫ్టులు వారం వారం మారతాయి. అందరూ చూడాలంటే మూడు ఆదివారాలు సాయంత్రం పూట ఆడాలి. మొదటి ఆటకు ముందు ఆయన నన్ను పిలిచి, షాపులో వాడే లాగ్ బుక్కు లాంటి కొత్త పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు.

"సూర్నారాయణా, ఆట అయిపోయాక సైకిల్ స్టాండు కాడ నిలబడు. ఎవులేటన్నారో రాయి. సోమారం నాకు సదివి ఇనిపించు. రిపేరుంటే సేసేసి పై ఆదివారం ఆడదాం."

నాకు చిన్నప్పటి నుంచీ డైరీ అలవాటు. ఈ పని సులువనుకున్నాను. "బాగుందన్నవాళ్ళు ఎంతమంది, బాగోలేదన్నవాళ్ళు ఎంతమంది, అంతే కదండీ?" అన్నాను.

"బాగుందీ అంటే ఏటి? గేర్‌బాక్సు బాగుందీ అని రాసేసి నువ్వెల్లిపోతే, తర్వాత షిఫ్టోడికి ఏటి తెలుస్తాది? ఏ పన్ను అరిగినాది, ఏ మూల సప్పుడొస్తన్నాది, అది గదా కావాలి! మనిసి ఎక్కడ నవ్వినాడు, ఎక్కడ గడియారం సూసుకున్నాడు, అది రాయి."

ఆ రోజు ఇంటికి వెళ్ళి నా పాత డైరీలు తిరగేశాను. పెళ్ళి బాగా జరిగింది, ప్రయాణం బాగా జరిగింది, భోజనం బాగుంది. ఎవరి పెళ్ళో, ఏ కూరో గుర్తు తెచ్చుకోవడానికి ఒక్క ముక్క లేదు. ఏళ్ళ తరబడి నేను గేర్‌బాక్సు బాగుంది అనే రాసుకుంటూ వచ్చాను.

మొదటి ఆదివారం సైకిల్ స్టాండు దగ్గర నా పెన్సిల్ రెండుసార్లు అరిగిపోయింది. తిరుపతిరావు ఈసారి నలుగురు పిల్లల తల్లి. "అప్పటికన్నా ఇప్పుడే నిజం ఆడమనిసిలాగున్నాడు, ఆ పొట్టా అదీని" అంది ఒకావిడ మెచ్చుకోలుగా. క్యాంప్ 2 నుంచి వచ్చిన వెల్డర్ ఒకాయనకు మాత్రం కోపం వచ్చింది. "ముందు దాన్లో ఈ తండ్రే వియ్యంకుడి మీదికి బిందె ఇసిరినాడు గదా! ఇప్పుడు సేతికిస్తన్నాడేటి? ముసిలోడైపోతే రోసం కూడా పోద్దేటి?" సెక్టర్ 7 ఇంజినీరు గారి అమ్మాయి నవ్వుతూనే చెప్పింది: "అంకుల్, ఫైట్స్ అన్నీ మస్త్ ఉన్నాయి. లేకిన్ ఆ నల్ వాలా పాట, అదే కుళాయి పాట, బహుత్ లంబా అయిపోయింది. హమ్ తో సమోసా తిని కూడా వచ్చేశాం." ఆ మాట ఆమె ఒక్కతే కాదు, నేను అడిగిన పదిమందిలో ఏడుగురు అన్నారు. ఆ ఏడింటినీ నేను రాయలేదు.

సోమవారం భోజనాల వేళ చదివి వినిపించాను. బిందె సంగతి విని ఆయన తొడ చరిచి, "నిజివే, ఇసరాల్సిందే" అన్నారు. చివర కాస్త ఆగి, అద్దాలు తుడుచుకుంటూ అడిగారు. "మరి నా పాట గురించి ఎవులూ ఏటీ అన్నేదా?"

"లేదండీ" అన్నాను. ఆ ఒక్క పాటతో ఇంటికి వెళ్ళిపోతానన్న మనిషికి ఇంకేం చెప్పను?

రెండో ఆదివారం బిందె విసిరారు. హాలు ఘొల్లుమంది. తరువాతి వారం మధ్యలో క్యాంటీనులో, విసిరాడని ఒక షిఫ్టువాళ్ళూ, చేతికిచ్చాడని ఇంకో షిఫ్టువాళ్ళూ పందేలు కట్టుకునేదాకా వెళ్ళింది. కానీ ఆ ఆదివారమే, పాట మొదలైన మూడో చరణానికే కుర్చీలు కదిలాయి. ఆరో చరణానికి సగం హాలు టీ కొట్టు దగ్గర ఉంది. సింహాద్రి గారు పన్నెండూ పాడారు, ఖాళీ కుర్చీలను చూస్తూనే. తెర వెనకకు వచ్చి నన్ను పక్కకు పిలిచారు.

"పోయినారం కూడా ఇలాగే లేచెల్లిపోనారా?"

"వెళ్ళారండీ. చెప్పారు కూడా. నేనే రాయలేదు."

ఆయన కేకలు వేస్తారనుకున్నాను. వేయలేదు. "సప్పుడు ఇని కూడా రాయకుండా ఎల్లిపోనావన్నమాట. తర్వాత షిఫ్టులో ఆ మిషన్ ఎక్కినోడ్ని నేను" అన్నారు. అంతే. ఆ వారమంతా షాపులో ఆయన కూనిరాగం నాకు వినిపించలేదు.

మూడో ఆదివారం పాట లేదు. మొత్తం పీకేశారు. నాటకం పరుగెత్తింది. టీ కొట్టువాడు కూడా వచ్చి వెనక నిలబడి చూశాడు. ఆట అయ్యాక పుస్తకం తెరిచానో లేదో, ఖుర్సీపార్ అప్పలనర్సమ్మ గారు నా మోచెయ్యి పట్టుకుంది. మొదటి ఆదివారం చూసి, మళ్ళీ కోడలితో వచ్చిందట. "ఏటి బాబూ ఇది? కుళాయి కాడ ముసిలోడు ఏడుస్తాడు గదా, ఆ పాట ఏదీ? దానికోసవే దీన్ని కూడా తోలుకొచ్చినాను!"

ఈసారి ఆలస్యం చేయలేదు. ఆ మాట రాసి, పుస్తకం తీసుకెళ్ళి నేరుగా ఆయన చేతిలో పెట్టాను. చదివి, వేషం తీయకుండానే హార్మోనియం మోసుకుని సైకిల్ స్టాండుకు వచ్చారు. ఒక సైకిల్ క్యారియర్ మీద పెట్టె పెట్టి, ఆ అత్తాకోడళ్ళ కోసం పన్నెండు చరణాలూ పాడారు. సైకిళ్ళు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు దారి లేక నిలబడిపోయారు. పాట అయిపోయింది. అప్పలనర్సమ్మ గారు కళ్ళు తుడుచుకుంది.

"మా బాగా పాడినావు బాబూ. గానీ ఇంత పొడుగేటి? ఆ రోజు మజ్జిలో ఒక కునుకు తీసినట్టున్నాను, తెలవనేదు."

స్టాండంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా సింహాద్రి గారు నవ్వారు. "రాసుకో, సూర్నారాయణా" అని, వాళ్ళు వెళ్ళిపోయాక నా వైపు తిరిగారు. "ఊరందరి మాటా రాసినావు. నీదేదీ?"

ఆయన మొహం చూస్తే ఆ మాట రాదని హార్మోనియం మెట్ల వైపే చూస్తూ చెప్పాను. "మొదటి భాగమే బాగుందండీ. దాంట్లో వాళ్ళు నీళ్ళ కోసం పోట్లాడుకున్నారు, అందుకని నవ్వొచ్చింది. ఇందులో మనం నవ్వాలని పోట్లాడుకున్నారు. పాటకు నాలుగు చరణాలు చాలు. అయిదోదానికి నేను కూడా గడియారం చూశాను."

ఆయన వేషంలో కూడా చెవి మీదే ఉన్న పెన్సిల్ తీసి, "ఏ నాలుగు?" అన్నారు.

అక్కడే, సైకిల్ సీటు మీద కాగితం పెట్టుకుని, ఇద్దరం ఎనిమిది చరణాలు కొట్టేశాం. ఆయన రిటైర్మెంటు సభలో ఆ నాలుగు చరణాలే పాడారు. ఒక్క కుర్చీ కదల్లేదు. ఆ తరువాత ఊరు వెళ్ళిపోయారు. ఆయన లేరన్న కబురు వచ్చి కూడా చాలా ఏళ్ళయింది.

ఇప్పటికీ ఎవరైనా తాము చేసింది చూపించి ఎలా ఉందని అడిగితే, వాళ్ళ మొహం చూడగానే "బాగుంది" అన్న మాట నా నాలుక చివరికి వచ్చేస్తుంది. దాన్ని అక్కడే ఆపుతాను. చేసిన పనిని మొదటి నుంచి చివరిదాకా చూసి, ఎక్కడ నవ్వానో చెప్పి, ఎక్కడ గడియారం చూసుకున్నానో కూడా చెప్పి, అప్పుడు తలెత్తి వాళ్ళ మొహంలోకి చూస్తాను. కొందరు మొహం తిప్పుకుంటారు. అప్పుడప్పుడు ఒకరు మాత్రం, "ఏ నాలుగు?" అంటారు.