ఆరు గుంటల పళ్లెం

2019 ఏప్రిల్ 6, శనివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఉగాది. గుడి నుంచి తిరిగి వస్తూ మా అమ్మాయి, అమెరికాలో మేముండే వైపు అరోరా అనే ఊళ్లో, ఒక ఇంటి ముందు కారు ఆపింది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామానంతా అమ్మేస్తున్నారు. తనకు లాంతరు దీపం కావాలి. నాకేమీ అక్కర్లేదు. అయినా వంటింటి బల్ల మీద ఒక పళ్లెం చూసి ఆగిపోయాను. నెమలికంఠం రంగు, అంచున నాచు తీగలు, చుట్టూ సరిగ్గా ఆరు గుంటలు.

వేపపువ్వు, బెల్లం, చింతపండు, మామిడి, ఉప్పు, కారం. ఎవరో తెలుగువాళ్లే చెప్పి చేయించుకున్నారనుకుని కొనేశాను.

కారులో కూర్చున్నాక అమ్మాయి దాన్ని ఫొటో తీసి ఫోన్‌లో వెతికింది. స్టీరింగ్ మీద వాలిపోయి నవ్వింది.

"అమ్మా! ఇది ఇంగ్లండ్ వాళ్ల ఆయిస్టర్ ప్లేట్. గుంటకో పచ్చి ఆల్చిప్ప పెట్టుకుని తింటారు. నువ్వేమో ఉల్లిపాయ కూడా ముట్టవు!"

"ఎప్పటిదట?"

"నూట నలభై ఏళ్లంట."

"అయితే ఈపాటికి ఎవరో ఒకరు కడిగే ఉంటారులే."

"ఉగాది పచ్చడి ఇందులోనా?"

"చిన్న స్టీలు గిన్నెల్లో వేసి, గిన్నెలు గుంటల్లో పెడతాను. సీసం పూత మీద చింతపండు పొయ్యడానికి నాకేం మతిపోయిందా?"

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసినదాన్ని, పులుపు తగిలితే పాత పూతల్లోని సీసం తిండిలోకి దిగుతుందని తెలుసు. మట్టి పాత్రకు సీసం కలిసిన రంగులు పూసి కాల్చే ఈ పనిని మెజోలికా అంటారని ఆ వారంలోనే చదివాను. అసలైనవాటికి వెనకవైపు కూడా మచ్చల మచ్చల రంగు ఉంటుంది. నా పళ్లెం వెనక వజ్రాకారపు ముద్ర కూడా ఉంది. అందులోని అక్షరాలను బట్టి ఆ నమూనా నమోదైన రోజు, నెల, ఏడాది తెలుస్తాయి. తన తేదీ తానే మోసుకు తిరిగే వస్తువంటే నాకు గౌరవం.

అమ్మాయి, అల్లుడు, వాళ్ల ముగ్గురు పిల్లలు, నేను. ఇంట్లో ఆరుగురం. అదే నమూనాలో ఆరు పళ్లాలు సంపాదించి ఒక ఉగాదికి బల్ల మీద పరచాలని నిశ్చయించుకున్నాను.

"ఒక్కటి చాలదా, అత్తయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

"ఒకరు తింటుంటే ఐదుగురు చూస్తారా, నాయనా?"

2022 చివరికి ఐదు దొరికాయి. ఆరోది మాత్రం ఎక్కడా కనబడలేదు. ఏ అమ్మకానికి వెళ్లినా వరుసలో నాకంటే ముందు ఒక తెల్లగడ్డం పెద్దమనిషి ఉండేవారు. పాత సామాన్ల దుకాణం ఆయనది.

2023 అక్టోబర్ 14, శనివారం. పక్క ఊరు నేపర్‌విల్‌లో అమ్మకానికి అమ్మాయితో వెళ్లాను. ఎనిమిదింటికి వరుస నంబర్ల చీటీలిచ్చారు. ఆయనది మూడు, నాది తొమ్మిది. నేను లోపలికి వెళ్లేసరికి ఆరో పళ్లెం ఆయన చేతుల్లో ఉంది. ఆయన తిప్పి చూశారు, కిటికీ వెలుగులో పెట్టి చూశారు. ఒక గుంట నుంచి అంచుదాకా నల్లటి గీత. పెదవి విరిచి బల్ల మీద పెట్టేశారు.

"క్రాక్డ్, మేడమ్. డోంట్ బాదర్."

పళ్లాన్ని ఎడమచేతి వేళ్ల కొసల మీద నిలిపి, కుడిచేతి వేలి కణుపుతో కొట్టాను. మా అమ్మ సంతలో నీళ్లకుండ కొనేముందు ఇలాగే కొట్టి చూసేది. పగులున్న కుండ గొంతు పోయినట్టు పలుకుతుంది. ఇది ఖంగుమంది. మూడుసార్లు కొట్టాను. మూడుసార్లూ ఖంగుమంది. గీత పూతలో మాత్రమే ఉంది, దాంట్లో మురికి చేరింది. మట్టి చెక్కు చెదరలేదు.

"నాట్ క్రాక్డ్. లిజన్," అని మళ్లీ కొట్టాను.

ఆయన చెయ్యి చాచారు. నేనివ్వలేదు.

"హూ టాట్ యూ దట్?"

"మై మదర్. వాటర్ పాట్స్."

ఆయన టోపీ తీసి, నవ్వి, దారి వదిలారు. "అమ్మా, ఇక పద, ఆయన మనసు మారేలోపు," అంది అమ్మాయి నా చెవిలో.

2024 ఏప్రిల్ 9, మంగళవారం, సాయంత్రం ఆరున్నర. ఉగాది. బల్ల మీద ఆరు పళ్లాలు, ముప్పై ఆరు గిన్నెలు. ఎవరి పచ్చడి వాళ్లే కలుపుకోవాలి.

"అమ్మమ్మా, ఆ చేదుది స్కిప్ చేయొచ్చా?" అంది చిన్న మనవరాలు.

"కుదరదు. ఆరంటే ఆరే."

ఈ అయిదేళ్లలో పోయినవి: వెనక తెల్లగా ఉన్నా చూసుకోకుండా కొన్న నకిలీ పళ్లెం ఒకటి. పోస్టులో ముక్కలైంది ఒకటి. వరుసలో వెనకబడి చేజార్చుకున్నవి నాలుగు. ఆ రాత్రి గిన్నెలు తోమాక లెక్కిస్తే, స్టీలు గిన్నె ఒకటి.