జింక దవడలో చిన్న తూటా

2022 వానకాలం. అప్పుడు నేను గద్వాల జిల్లాలో, వడ్డేపల్లి దిక్కున ఒక ఊళ్లో పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. అక్కడ సీడ్ పత్తి ఎక్కువ. అంటే బట్టకు కాదు, విత్తనానికి పండించే పత్తి. ఆ పైరులో అసలు పని క్రాసింగ్. ఆడ వరుసలో రేపు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం గిల్లి, అందులోని పుప్పొడి తీసేసి, ఎర్ర కాగితం తొడుగుతారు. మరునాడు పొద్దున మగ వరుస పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. సీజను నడిచినన్నాళ్లూ ఒక్క పొద్దు కూడా మానడానికి లేదు. రుద్దని పువ్వు రాలిపోతుంది. తర్వాత జరిగిన నష్టం అర్థం కావాలంటే ఇది తెలిసి ఉండాలి కనుక ముందే చెబుతున్నాను.

ఆ వేసవిలో నా భార్య పోయింది. గొంతు క్యాన్సర్. చివరి రోజుల్లో ఆమెకు నీళ్లు కూడా దిగేవి కావు. తర్వాత సెలవు ముగించుకుని వచ్చి, అవసరమైనంత మాట్లాడుతూ పని చేసుకుంటున్నాను.

సెప్టెంబరులో ఒక పొద్దున తిమ్మప్ప ఫోన్ చేశాడు. ఊరి చివర రెండెకరాల సీడ్ పత్తి, ఒక బర్రె ఉన్న రైతు. ఆ బర్రె కారణంగా నాకు బాగా తెలుసు.

"సార్, జర ఇంటిదాక రావాలె. బర్రెకు కాదు."

"మరి దేనికి?"

"రా సార్, నువ్వే చూస్తవు. నోట్ల నీళ్లు దిగుతలేవు దానికి."

వెళ్లి చూస్తే కొట్టంలో బర్రె పక్కన ఆడ జింక పడుకుని ఉంది. కృష్ణజింక. ఆడదానికి కొమ్ములుండవు, రంగు ఎండిన గడ్డిలా ఉంటుంది. మెడకు పాత చీర పేలిక చుట్టి గుంజకు కట్టారు. మూతికి పసుపు పూశారు. తిమ్మప్ప భార్య మాణెమ్మ దాని ముందు కూర్చుని, దూది నీళ్లలో ముంచి నాలుక మీద పిండుతోంది. నీళ్లు గొంతులోకి పోవడం లేదు, పక్క నుంచి కారిపోతున్నాయి. దూదితో అలా తడపడం నాకు తెలిసిన పనే. ఆ వేసవంతా నేను చేసింది అదే.

"మొన్నటిదాక జింకలను తిట్టి తిట్టి ఉరికిచ్చినోడు గీయనే సార్" అంది మాణెమ్మ. "మొలకలు మేసినయని ఊరంత ఇనవడేటట్టు మొత్తుకున్నడు. ఇయ్యాల జూడు. నా కాన్పులప్పుడు గూడ గింత చెయ్యలే."

"నీకు మీ అమ్మ ఉండె. దీనికి ఎవరున్నరే?" అన్నాడు తిమ్మప్ప.

క్రాసింగుకు వచ్చిన ఆడవాళ్లకు అది ముందురోజు పత్తి వరుసల మధ్య కనపడిందట. దగ్గరికి పోయినా లేవలేదట. తిమ్మప్ప దాన్ని భుజాల మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు.

"కట్టేసినవెందుకు?" అని అడిగాను.

"కట్టకపోతే లేసి బయటికి పోతది. కుక్కలు గుంజవా సార్?"

పసుపు కడిగి చూశాను. ఎడమ పక్క కింది దవడ మీద సన్నని రంధ్రం, పెన్సిల్ కన్నా చిన్నది. దాని కింద ఎముక ముక్కలై చేతికి గరగర తగిలింది. నాలుక సగం చీలి ఉంది. పుండు నిండా పురుగులు. అవి పెరిగిన తీరు చూస్తే గాయమై ఐదారు రోజులైందని తెలుస్తోంది. ఆ వారమంతా వానలే. చేలలో, బాటలో, కాల్వలో ఎక్కడ చూసినా నీళ్లే. ఆ నీళ్లలోనే తిరుగుతూ అది దాహంతో ఎండిపోయింది.

"తుపాకి దెబ్బ" అన్నాను.

తిమ్మప్ప వంగి జింక మెడకున్న పేలిక సర్దాడు. మాణెమ్మ అతని వైపు చూసింది, మళ్లీ దూది ముంచింది.

కృష్ణజింక చట్టంలో పులితో సమానం. దాన్ని పట్టుకోవడం, ఇంట్లో కట్టుకోవడం నేరం. నేను చూశాక అటవీశాఖకు చెప్పక తప్పదు. ఆ సంగతి తిమ్మప్పకు వివరించాను.

"చెప్పు సార్" అన్నాడు. "నేనేమన్న దొంగనా?"

అటవీశాఖ సెక్షన్ ఆఫీసరు యూసుఫ్ గంటలో వచ్చాడు. మెత్తని మనిషి. కొట్టంలోకి చూడగానే తల పట్టుకున్నాడు. "ఏం పని చేసినవ్ కాకా! దొరికిన యెంటనే మాకు ఫోన్ జేయాలె గద?"

"మీ నంబర్ నాకేం ఎరుక బాబూ? నా దగ్గర బర్రె డాక్టర్ నంబర్ ఉండె."

యూసుఫ్ నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "బతుకుతదా సార్?"

బతకదని చెప్పాను. ఇలాంటప్పుడు నా వృత్తిలో చేయవలసింది యుథనేసియా. నొప్పి తెలియకుండా మందిచ్చి ప్రాణం తీయడం. ఆవుకైతే రైతును అడిగి చేసేవాణ్ణి. జింకకు అలా కుదరదు. హైదరాబాదు నుంచి రాష్ట్ర స్థాయి అధికారి అనుమతి రావాలి. యూసుఫ్ పై ఆఫీసరుకు ఫోన్ చేశాడు, ఆయన తన పై ఆఫీసరుకు చేశాడు. నేను నొప్పికి సూదేసి సెలైన్ ఎక్కించాను. జింకను జీపులో సెక్షన్ ఆఫీసుకు తీసుకుపోయారు. తిమ్మప్పను కూడా అదే జీపులో ఎక్కించారు. దారిలో కుదుపులకు తల కొట్టుకోకుండా దాని తల తన ఒళ్లో పెట్టుకున్నాడని యూసుఫ్ తర్వాత చెప్పాడు.

మరునాడు మధ్యాహ్నం జింక చనిపోయింది. అనుమతి అప్పటికీ రాలేదు.

పోస్ట్‌మార్టం నేనే చేశాను. మాండిబుల్, అంటే కింది దవడ ఎముక, నాలుగు ముక్కలైంది. రెండు దంతాలు విరిగాయి. గొంతు వెనక కండలో నలిగిన సీసం ముక్క దొరికింది. పాయింట్ టూ టూ తూటా, రైఫిళ్లలో వాడే అన్నిటికన్నా చిన్న రకం. రూమెన్, అంటే నెమరు వేసే జంతువుల మొదటి పొట్ట, ముడుచుకుపోయి ఉంది. అందులో గుప్పెడు ఎండు పీచు తప్ప ఏమీ లేదు.

దగ్గర నిలబడ్డ పై ఆఫీసరు ఒక మాట అడిగాడు. "క్యాప్చర్ మయోపతి అని రాయొచ్చు కదా డాక్టర్ గారూ?" జింక జాతి జంతువులను పట్టి కట్టేస్తే భయంతోనే కండరాలు దెబ్బతిని చనిపోతాయి. దానికి ఆ పేరు. అలా రాస్తే చంపినవాడు తిమ్మప్ప అవుతాడు, పని తేలికగా ముగుస్తుంది. నేను రాయలేదు. దవడ విరిగి తిండి, నీళ్లు లేక, పుండు చీము పట్టి చనిపోయిందని రాశాను. దానివల్ల తిమ్మప్పకు ఒరిగింది తక్కువే. చంపిన నేరం కాకపోయినా దగ్గర పెట్టుకున్న నేరం ఉంది. అతణ్ణి జైలుకు పంపారు.

వారం తర్వాత మాణెమ్మ దవాఖానకు వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"సార్, తుపాకి సార్ వచ్చిపోయినంక ఐదారు దినాలకే గది మా చేన్ల పడ్డది. నేను గాల్చిన అని ఆయన ఒక్కమాట చెప్తే మావోడు బతికిద్దామనే తెచ్చిండని నమ్మి ఇడుస్తరంట. వకీలు చెప్పిండు. ఆయన మా మాట ఇంటడా? నువ్వు సదువుకున్నోడివి, నువ్వు పోతే కూసోమంటడు."

"చేను ఎట్లుంది?"

"ఏముంది సార్. కూలోళ్లు పోలీసోళ్ల కత ఇని వస్తలేరు. నేనొక్కదాన్ని ఎన్ని పూలు రుద్దుత? ఎర్ర కాయిదాలు తొడిగినవి తొడిగినట్టే రాలుతున్నయి."

తుపాకి సార్ అంటే ప్రతాప్. రిటైరైన ఇంజినీరు. సోమశిలకు పోయే దారిలో తోట కొనుక్కుని ఉంటున్నాడు. పంట పాడుచేసే అడవిపందులను కాల్చడానికి పంచాయతీ అనుమతితో లైసెన్సున్న షూటర్లను పిలుస్తారు. అలా ఆయన ఊళ్లు తిరుగుతాడు. డబ్బు పుచ్చుకోడు. నేను వెళ్లేసరికి వరండాలో పుస్తకం చదువుతున్నాడు. లేచి కుర్చీ జరిపాడు.

"మీ ఆవిడ సంగతి విన్నాను డాక్టర్. ఎక్కువ బాధ పడకుండా వెళ్లిపోయారటగా. అదొక్కటే ఊరట."

ఎవరు చెప్పారో నేను అడగలేదు. జింక సంగతి చెప్పాను. తూటా సైజు కూడా చెప్పాను.

ఆయన దాచడానికి ప్రయత్నించలేదు. తను సరైన పనే చేశానని ఆయన నిజంగా నమ్ముతున్నాడు. "పన్నెండు బోరు తుపాకితో గుండ్ల వాన కురిపిస్తారు మన వాళ్లు. అది కసాయి పని. విదేశాల్లో ఇప్పుడు జింకలకు సన్న గొట్టం, చిన్న క్యాలిబర్ రైఫిల్సే వాడుతున్నారు. అదురు తక్కువ, గురి కచ్చితం. నేను చాలా చదివాను. తలకు ఒక్కటి పడితే లైటు ఆర్పినట్టే. దానికి తెలియను కూడా తెలియదు."

"వాళ్లు వాడేది టూ టూ త్రీ. మీది టూ టూ" అన్నాను.

"గొట్టం బోరు దాదాపు ఒకటే కదా."

"బోరు ఒకటే. వెనకున్న మందు ఒకటి కాదు. మీ తూటా మందు గొట్టంతో కలిపినా చిటికెన వేలి కొస కణుపంతే. వాళ్లది వేలంత. మీ రైఫిల్ క్లబ్బులో కాగితం మీద గురి చూసేది. ఎముకకు తగిలితే లోతుకు పోదు, పగలగొట్టి ఆగిపోతుంది."

"అందుకే తలకు కొట్టాను."

"జింక మెదడు నిమ్మకాయంత. మేస్తున్నప్పుడు తల నిలకడగా ఉండదు. తలకు అనుకున్నది దవడకు తగిలింది."

"పడింది డాక్టర్. నేను కళ్లారా చూశాను."

"లేచింది. అది మీరు చూడలేదు."

ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత నేను ఎదురుచూడని మాట అన్నాడు. "నాకు జింకను కాల్చాలని సరదా లేదు. మీ ఊరికి పందుల కోసమే వచ్చాను. రైతులే బతిమాలారు. ఒకటి రెండు పడితే మంద ఇటు రాదు సార్ అన్నారు. బాధ లేకుండా పోతుందని నేను చెప్పాకే సరే అనుకున్నారు. మీ తిమ్మప్ప కూడా అక్కడే ఉన్నాడు. పోయి అడగండి."

"ఆ సంగతే ఆఫీసులో చెప్పండి. అతను బయటికొస్తాడు."

"నేను లోపలికి పోతాను" అన్నాడు. తర్వాత మర్యాదగా టీ తాగమన్నాడు. తాగకుండా వచ్చాను.

ఊళ్లో ఎవరూ ఆయన పేరు చెప్పలేదు. చెబితే అడిగింది తామేనని కూడా చెప్పాలి. ప్రతాప్ నాతో అన్నదంతా నేను యూసుఫ్‌కు చెప్పాను. అతను పైకి రాశాడు. పై ఆఫీసర్లు అడిగితే ప్రతాప్ నాతో అలా ఏమీ అనలేదన్నాడు. సీసం ముక్క బాగా నలిగిపోవడంతో అది ఏ రైఫిల్‌దో తేల్చలేమన్నారు. అంతటితో ఆ దారి మూసుకుపోయింది.

తిమ్మప్పకు బెయిల్ వచ్చేసరికి క్రాసింగ్ సీజన్ అయిపోయింది. నేను పోయేసరికి చేను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. వరుసల మధ్య ఎర్ర కాగితాలు వానకు నాని మట్టిలో కలిసి ఉన్నాయి. ప్రతాప్ అన్న మాట నిజమేనా అని అడిగాను.

"నిజమే సార్. అడిగినం. రెండుసార్లు మొలకలు మేసినయి, మూడోసారి అప్పుజేసి ఇత్తనం పెట్టిన. అది గూడ మేస్తే మల్ల పెట్టే తాకత్ లేకుండె. ఒక్క దెబ్బకు పోతది, దానికి తెల్వను గూడ తెల్వదు అన్నడు. నమ్మినం." మట్టిలోంచి ఒక ఎర్ర కాగితం తీసి చూస్తూ అన్నాడు. "చేన్ల పడ్డదాన్ని చూస్తనే గుర్తువట్టిన. గిది గదే అని. దాని మొకం జూసి ఇడిచిపెట్టి పోవుడు నాతోని కాలే."

"ఆయన పేరు జైలుకు పోయేటప్పుడైనా చెప్పలేదేం?"

"పిలిచి కాల్చుమని, కాల్చినంక పట్టిస్తరా సార్ ఎవలన్న?"

తర్వాత నాకు వనపర్తి జిల్లాకు, గోపాల్‌పేట దిక్కుకు బదిలీ అయింది. తిమ్మప్ప కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాలకు తిరుగుతున్నాడు. సీడ్ పత్తి మానేశాడు. ప్రతాప్‌ను ఊళ్లు ఇప్పటికీ పిలుస్తున్నాయి. ఈ మధ్య నాగర్‌కర్నూల్‌లో ఒక రైతు సమావేశంలో ఆయన జాలితో చేసే వేట గురించి మాట్లాడాడని ఎవరో గొప్పగా చెప్పారు.

పోయిన ఏడాది తిమ్మప్ప చుట్టాలింటికి వచ్చి నా దగ్గర ఆగాడు. బర్రె సంగతి, మాణెమ్మ మోకాళ్ల నొప్పుల సంగతి చెప్పాడు. లేచేటప్పుడు అన్నాడు.

"మల్ల ఒకటి కనపడ్డది సార్, కాల్వ గట్టుమీద. మొగది. కాలు ఇరిగి కూసున్నది. నా దిక్కు జూసింది."

"ఏం చేసినవ్?"

"ఇంకో బాటన పోయిన. ఎవలకు చెప్పలే. నీకు గూడ ఫోన్ చెయ్యలే."

నేను అతణ్ణి తప్పుపట్టలేదు. చట్టమూ, ఊరూ, మేమూ కలిసి అతనికి నేర్పింది అదే.

నేను నేర్చుకున్నది ఒకటుంది. బాధ లేకుండా పోయింది అని ఎవరైనా అంటే, జంతువు గురించైనా మనిషి గురించైనా, చివరిదాకా మీరు పక్కనున్నారా అని అడుగుతాను. ఇంతవరకు ఉన్నానని ఎవరూ అనలేదు. చావబోతున్న ఆ జింకను దగ్గర కూర్చుని చూసుకున్నవాళ్లు ఇద్దరే, తిమ్మప్ప, మాణెమ్మ. వాళ్లిద్దరూ ఆ మాట అనలేదు. కేసు తేలకముందే శిక్ష పడింది వాళ్లకే.