పిట్టల లెక్క

రెండువేల మూడులో నేను భద్రాచలం దగ్గరి ఒక అడవి పల్లెలో నర్సుగా పనిచేసేదాన్ని. బస్సు దిగాక మూడు కిలోమీటర్లు నడవాలి. ఒంటరి దారిలో భయం తెలియకుండా, ఏ వేళకు ఎన్ని పిట్టలు కనిపించాయో చిన్న నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని.

ఎండాకాలంలో ఒక ఉదయం వడ్రంగిపిట్టను చూస్తూ నిలబడిపోయాను. తల దించేసరికి ఎదురుగా తుపాకులతో ఇద్దరు మనుషులు. ఒకతను నా నోట్‌బుక్ లాక్కుని తిరగేశాడు.

“పొద్దుగాల ఏడుకు రెండు, సాయంత్రం అయిదుకు నాలుగు. ఈ లెక్కలేంది? మా రాకపోకలు పోలీసులకు చెప్తున్నవా?”

“పిట్టలండీ” అన్నాను. ఆ మాట నాకే అబద్ధంలా వినిపించింది.

పక్కనే బీడీలు చుట్టే తునికాకు కోస్తున్న ముత్తమ్మ వచ్చి నన్ను ఆనుకుని నిలబడింది. ఆమె కోడలికి పురుడు పోసింది నేనే.

“మా నర్సమ్మకు పిట్టల పిచ్చి. అబద్ధమైతే నన్ను అడుగుండ్రి. నా ఇల్లు మీకు ఎరికే గదా.”

వాళ్లు పుస్తకం చింపి పారేసి వెళ్లిపోయారు. ముత్తమ్మ కొంగుతో నా కన్నీళ్లు తుడిచింది.

“ఇంక రాయకు బిడ్డా. మల్ల అడిగితే నాకు చెప్పే ధైర్యం లేదు” అంది.

ఆ తర్వాత మూడేళ్లు అదే దారిన నడిచినా ఒక్క పిట్ట లెక్కా రాయలేదు. నా సరదా కోసం ఒక ముసలమ్మ తన ప్రాణాన్ని అడ్డుపెట్టాల్సి వచ్చిందన్న బాధ ఇప్పటికీ తీరలేదు.