మొదటి చూపులో తేనెపట్టు

చిన్నప్పటి నుంచీ ఆమెకు భయమెక్కువ. పొయ్యి కట్టేశానా లేదా అని వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చే మనిషి. ఇంట్లో ఆమెను ‘పిట్టగుండె’ అనేవారు. అలాంటిది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నడిపే ఉద్యోగంలో చేరితే, ఆ యంత్రాన్ని ముట్టుకుంటావా, దూరం నుంచే దండం పెట్టి వచ్చేస్తావా అని చెల్లెలు ఆటపట్టించింది.

చెల్లెలు అదే భవనంలో కింది అంతస్తులో పరిశోధన చేసేది. ఫర్నేసులో మూడు పరమాణువుల మందం మాత్రమే ఉండే పొరలు పెంచేది. ఆ పదార్థానికి రెండు రూపాలు. పరమాణువులు తేనెపట్టు గదుల్లా అమరితే కరెంటు అంతంతమాత్రంగా పోతుంది. వరసలు దగ్గరికి జరిగి జంటలు కడితే లోహంలో పోయినట్టు పోతుంది. తన ఫర్నేసు నుంచి సరాసరి రెండో రూపమే వస్తోందని చెల్లెలి నమ్మకం. అక్క తీసిచ్చిన చిత్రాలే అందుకు ఆధారం. వాటితో రాసిన వ్యాసం అచ్చుకు సిద్ధంగా ఉంది.

ఆ పొద్దున్న కొత్త పొరను లోపల పెట్టి ఫోకస్ సరిచేస్తుంటే, తెర మీద ఒక మూల తేనెపట్టు కనిపించింది. కళ్ళు నులుముకుని చూసేసరికి అక్కడా జంటల వరసలే. అక్కకు ఒక అనుమానం వచ్చింది. తను చూడడం వల్లే అది మారిపోతోందా?

మధ్యాహ్నం అన్నం సహించలేదు. డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా భయం వేసింది. చివరికి యంత్రం పొర మీదికి వదిలే ఎలక్ట్రాన్ల ధార బాగా తగ్గించి, ఇంతవరకూ ధార తగలని చోటికి జరిపి, ఒకే ఒక్క చిత్రం తీసింది. మసగ్గా ఉంది, కానీ తేనెపట్టే. ధార పెంచి అక్కడే ఉంచింది. కాసేపటికి ఒక అంచు నుంచి వరసలు కదిలి జంటలు కట్టడం మొదలుపెట్టాయి.

చెల్లెల్ని పైకి పిలిచింది.

“ఏమైందక్కా, మొహం అలా ఉంది?”

“నీ ఫర్నేసులోంచి వచ్చింది ఇది.” అక్క మొదటి చిత్రంలోని తేనెపట్టు మీంచి ఇప్పటి జంటల వరసల మీదికి వేలు జరిపింది. “దీన్ని ఇలా మార్చింది నా యంత్రం.”

చెల్లెలు తెర దగ్గరికి వంగింది. “ఇన్నాళ్ళూ ఇదేనా జరిగింది?”

“ఏమోనే. నాకు భయంగా ఉంది. పాతవన్నీ మళ్ళీ చూడాలి.”

చెల్లెలు కిందికి వెళ్ళిపోయింది. తన పరిశోధన గైడుకు తనే చెప్పి వ్యాసం ఆపించిందని తర్వాత తెలిసింది. ఇంట్లో ఉప్పు అందించమనడానికి కూడా ఇద్దరూ అమ్మను మధ్యలో పెట్టుకున్నారు. ఇక ఎప్పటికీ మాట్లాడదేమోనన్న బెంగ అక్కను లోలోపలే తినేసింది.

ఒక సోమవారం చెల్లెలు చిన్న పెట్టెతో మైక్రోస్కోపు గది గుమ్మంలో నిలబడింది. వేడి మార్చి కొత్తగా పెంచిన పొర అట.

“ముందు తక్కువ ధారతోనే చూడక్కా. ఏది కనిపిస్తే అదే చెప్పు. నా మొహం చూసి మొహమాటపడకు.”

మొదటి చిత్రంలో అంతా తేనెపట్టే. ఒక పక్కన మాత్రం కొన్ని జంటల వరసలు. అవి నిజంగా ఫర్నేసులో పుట్టినవేనా అని చెల్లెలు అడిగింది. అవునని కచ్చితంగా చెప్పడానికి అక్కకు ధైర్యం చాలలేదు. ఇంకోచోట కూడా చూద్దామంది.

చెల్లెలు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.