ఒక్కపొద్దున్న చేప

నా చిన్నప్పుడు మా ఇంట్లో మూరెడు చేప ఉండేది. ఈ మాట ఇప్పటికి ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. బస్సులో పక్క సీటువాళ్లకు చెప్పాను, పెళ్లి భోజనాల బంతిలో చెప్పాను, మనవరాలికి చెప్పినప్పుడైతే ఇంకో జానెడు కలిపాను. కాగితం మీద పెట్టేసరికి మాత్రం కొంచెం జంకు పుడుతోంది. అందుకని సవరించుకుంటున్నాను. మూరెడు కాదు, జానెడు. జానెడు కూడా కాదు. తోకతో కలిపి నాలుగు వేళ్లు. అదీ అప్పటి నా వేళ్లు.

అప్పుడు మేం నాచారంలో ఉండేవాళ్లం. ఫ్యాక్టరీల వెనక ఒకే వరుసలో ఆరు పోర్షన్లు, మాది మూడోది. నాకు చెల్లెలు పుట్టే వేళ, మా అమ్మ పురుటికి పుట్టింటికి వెళ్లింది. నాన్న రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేవాడు. మిగిలింది నేనూ, మా నాయనమ్మా. అమ్మ కోసం బెంగ పెట్టుకుంటానని నాన్న ఒకరోజు ఉప్పల్ చౌరస్తాలో సైకిల్ మీద అమ్మేవాడి దగ్గర ఒక ఎర్ర చేపను కొని, నీళ్ల సంచిలో తెచ్చాడు. కిరాణా కొట్టువాళ్లు బిస్కెట్లు పోసుకునే వెడల్పు మూతి సీసా ఒకటి అడిగి తెచ్చి, అందులో వేసి కిటికీలో పెట్టాడు. ఆయన నాతో ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ చేపే ఆయన మాట అనుకోవాలి.

నేను బడిలో ఊరుకోలేదు. మా ఇంట్లో మూరెడు ఎర్ర చేప ఉందని, పిలిస్తే పలుకుతుందని, నా చేతిలోంచి తింటుందని చెప్పాను. అందులో ఎర్ర రంగు తప్ప నిజమేమీ లేదు. ముగ్గురు నమ్మలేదు. ఆదివారం వచ్చి చూస్తామన్నారు. ఆరోజు సోమవారం. అంటే నాలుగు వేళ్ల చేపను మూరెడు చేయడానికి నాకు ఆరు రోజులు చేతిలో ఉన్నాయి.

పెద్దవాళ్లు నన్ను చూసినప్పుడల్లా తింటేనే పెరుగుతావు అనేవారు కదా. ఆ లెక్కనే నేనూ పట్టుకున్నాను. మంచం కింద, బియ్యం సంచి వెనక ఒక పాత రేకు డబ్బా దాచాను. మురమురాలు, రొట్టె అంచులు, బిస్కెట్ ముక్కలు అందులో పోగేశాను. పొద్దున ఒకసారి, బడి నుంచి వచ్చాక రెండుసార్లు, ఎవరూ చూడకుండా నలిపి సీసాలో చల్లేవాణ్ణి. ఇది చాలదన్నట్టు నాయనమ్మ కూడా అన్నం మెతుకులు వేసేది. చేప ఊపిరి కోసం నోరు తెరుస్తుంటే ఆమెకు అది ఆకలిలా కనిపించేది. "నోరు తెరుస్తనే ఉంటది పాపం, పసిపోరని లెక్క" అనేది.

గురువారానికి చేప పొట్ట గుండ్రంగా అయింది. నాకు మస్తు సంతోషమైంది, పని జరుగుతోందనుకున్నాను. రెండో శనివారం, బడి లేదు. పొద్దున లేచి చూస్తే చేప నీళ్ల మీద పక్కకు ఒరిగి తేలుతోంది. పొట్ట ఒక వైపు నీళ్లపైకి వచ్చి ఆరిపోయినట్టు ఉంది. మొప్ప మాత్రం ఆగి ఆగి కదులుతోంది.

నాయనమ్మ దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ సీసా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా సీసా ముందు వంగి చాలాసేపు చూశాడు. "ఇగ ఇది దక్కేటట్టు లేదు. పొద్దుగూకే దాక జూద్దాం. గట్లనే ఉంటె చెరువుల ఇడిశిపెట్టొస్త" అన్నాడు. ఇంట్లో చచ్చిపోతే నేను చూడాల్సి వస్తుందని ఆయన భయం. ఏమైందిరా అని నన్ను అడిగాడు. పిల్లి వచ్చి సీసాలో పంజా పెట్టిందని చెప్పాను. ఆ పిల్లి నల్లదని, తోక తెగిందని కూడా అడగకుండానే చెప్పాను. అబద్ధానికి తోక ఉంటే బాగా నిలబడుతుందని అప్పటికే నాకు తెలుసు.

ఇలాంటప్పుడు మా వరుసలో అందరూ పిలిచేది పక్కింటి అక్కను. ఆమె మందుల ఫ్యాక్టరీలో గోలీలు ప్యాక్ చేసే పని చేసేది. గోలీలు రోజూ చేతిలో పట్టుకుంటుంది కాబట్టి రోగాలన్నీ ఆమెకు తెలుసని అందరికీ గట్టి నమ్మకం. జలుబుకూ నడుం నొప్పికీ ఆమె దగ్గరికే వెళ్లేవారు. ఆమె నవ్వి, దవాఖానాకు పొమ్మని పంపేది. ఆరోజు ఆమెకు రెండు గంటల షిఫ్టు. సగం అల్లిన జడతోనే వచ్చి, నా పిల్లి కథ విని, సీసా చూసింది.

"అరగోలీ ఏదన్న ఉంటె తెచ్చి కలుపు బిడ్డా" అంది నాయనమ్మ.

"నేను గోలీలు లెక్కవెడ్త గని ఎవ్వలకు ఇయ్య అవ్వా" అంది అక్క. తన ఫ్యాక్టరీలో ఒకామె ఇంట్లో చేపలున్నాయని, ఆమె దగ్గర విన్నదే తనకు తెలుసని చెప్పింది. పిల్లి గోరు గీరుకుంటే ఉప్పు నీళ్లలో పెట్టాలట, పొట్ట బిగిస్తే ఏమీ పెట్టకుండా కడుపు ఎండగట్టాలట. ఒకదానికి ఇంకోటి చేస్తే చేప పోతుందట. "ఏం తినవెట్టిన్రు?" అని మా ఇద్దరినీ అడిగింది. నాయనమ్మ నాలుగు మెతుకులంది. నేను రోజుకు నాలుగు గింజలన్నాను. అక్క చేప మీద ఎక్కడా గీత లేకపోవడం చూసింది. తర్వాత నన్ను చూసింది.

అప్పుడామె ఒక ఉపాయం పన్నింది. అది ఉపాయమని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. శనివారం నాయనమ్మకు ఒక్కపొద్దు, పగలంతా ఏమీ తినదు. అక్క నాతో, "నువ్వు గూడ ఈ చేప పేరు మీద ఒక్కపొద్దుండు. నీతోని అయితదా?" అంది. అయితదా అని ఎవరన్నా అడిగితే నేను ఆగలేను. రెండు రోజులైనా ఉంటానన్నాను. అక్క నాయనమ్మ వైపు తిరిగి, "విన్నవు గద అవ్వా, వీనికి పొయ్యికాడ ఏం వెట్టకు" అని చెప్పి వెళ్లిపోయింది. కనీసం నేను అలా అనుకున్నాను.

సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఉన్నానని చాలామందికి చెప్పాను. నిజానికి పదకొండు కూడా కాలేదు. నాయనమ్మను అడగలేను, మాట ఇచ్చాను. నాన్న నిద్రపోతున్నాడు. ఆ ఇంట్లో నాకు తెలిసిన తిండి ఒక్క చోటే ఉంది. మెల్లగా మంచం కిందికి దూరాను. డబ్బా తీసి, రెండు బిస్కెట్ ముక్కలు నోట్లో పెట్టుకుని వెనక్కి పాకుతుంటే అక్క పాదాలు కనిపించాయి.

ఆమె అరవలేదు. నేల మీద నా పక్కన చతికిలబడి, డబ్బాలో చెయ్యి పెట్టి తనూ నాలుగు మురమురాలు నోట్లో వేసుకుంది. ఊరి నుంచి వచ్చిన పిండివంట రుచి చూస్తున్నట్టు నమిలింది.

"నువ్వు పెట్టినవా?" అని మెల్లగా అడిగింది. తలూపాను.

"ఎంత?"

"రోజూ రెండు పిడికిళ్లు" అన్నాను. చూశారా, తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా నా నాలుక ఊరుకోలేదు. రెండు పిడికిళ్లయితే ఆ సీసాలో నీళ్లకే చోటుండదు.

"ఏందిరా, గొప్పనా ఇది? ఫ్యాక్టరీల పది గోలీల పట్టీల ఒకటి తక్కువున్నా వాపస్ వస్తది, ఎక్కువున్నా వాపస్ వస్తది. జర సరిగ్గ చెప్పు. ఈడ వెట్టి సూపియ్."

ఏ రోజు ఎంత చల్లానో డబ్బాలోంచి తీసి నేల మీద పెట్టి చూపించమంది. సోమవారానికి పెట్టాను, మంగళవారానికి పెట్టాను. ఆమె నన్ను తొందరపెట్టలేదు. కొంచెం ఎక్కువ పెట్టినప్పుడు నా ముఖం చూసేది, నేను రెండు గింజలు వెనక్కి తీసేవాణ్ణి. శుక్రవారం దాకా అయ్యేసరికి నేల మీద చిన్న కుప్ప తేలింది. అక్క కిటికీలోని సీసా తెచ్చి ఆ కుప్ప పక్కన పెట్టింది. చేప కన్నా కుప్ప పెద్దది. దానికి వేరే వివరణ అవసరం లేకపోయింది.

నా సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇది కడుపు సంగతేనని, మూడు రోజులు ఏమీ పెట్టొద్దని మాత్రం చెప్పింది. సీసాలో సగం నీళ్లు తీసేసి, ముందురోజు పట్టి బకెట్‌లో నిలవ ఉంచిన నీళ్లు పోసింది. ఇంట్లో ఉన్న జీవాన్ని పస్తులుంచడం పాపమని నాయనమ్మ గొణిగింది. "పస్తని ఎందుకంటవ్ అవ్వా, ఒక్కపొద్దనుకో" అంది అక్క. అంతే. ఇంకొకరి ఒక్కపొద్దు చెడగొట్టే మనిషి కాదు మా నాయనమ్మ. ఆ మూడు రోజులూ సీసా దగ్గరికి వచ్చిన ఈగను కూడా తోలింది. నాన్న ఆ సాయంత్రం చెరువు మాట ఎత్తలేదు.

ఆదివారం ఆ ముగ్గురూ వచ్చారు. "గిదా మూరెడు?" అన్నాడు ఒకడు. జబ్బు చేసి చిక్కిపోయిందని చెబుదామనుకున్నాను, మాట నోటి చివరిదాకా వచ్చింది కూడా. కానీ వాళ్లలో ఒకడు సీసాలోకి వంగి, "గిట్ల ఒంకర పన్నదేంది, ఏమైంది?" అని నిజంగానే బాధగా అడిగాడు. నేనే ఎక్కువ పెట్టానని చెప్పాను. ఎంత అని అడిగాడు. ఎంతో చెప్పాను. మిగతా ఇద్దరూ నవ్వారు, వాడు నవ్వలేదు.

సోమవారం మధ్యాహ్నం చేప వెనక దారంలా పొడవుగా ఒక మలం పోగు కనిపించింది. నాయనమ్మ మనవడికి విరేచనం అయినంత సంబరపడింది. మంగళవారం పొద్దున చేప పక్కకు ఒరగకుండా, అడుగున సరిగ్గా నిలిచి ఉంది. ఉడికించిన బఠానీ పొట్టు తీసి, అక్క గోటితో ఆవగింజంత గిల్లి ఇచ్చింది. దాన్ని వేసింది నేనే. ఆ చేప ఆరేళ్లు బతికిందని చెబుతూ ఉంటాను. ఏడాది కూడా బతకలేదు. అమ్మ నా పసి చెల్లెల్ని ఎత్తుకుని వచ్చేదాకా మాత్రం బతికింది, అమ్మ చూసింది.

ఆ రోజుతో నేను కోతలు మానేశాననుకోకండి. ఆ పని నావల్ల కాలేదు. ఒక్క చోట మాత్రం మానేశాను. నయం చేయడానికి వచ్చినవాళ్లు ఎంత, ఎన్నాళ్లు అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కొన్నేళ్ల కిందట మా ఆవిడను జ్వరంతో హబ్సిగూడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఎన్ని రోజులైందని ఆమె అడిగింది. ఇన్నాళ్లు తీసుకురాలేదేమని అడుగుతుందని నాలుక రెండు రోజులు అనబోయింది. "ఐదు రోజులు. మూడో రోజే తనను తీసుకెళ్లమంది, నేనే తేలేదు" అన్నాను. డాక్టరమ్మ అప్పటికే రాసిన మందుల చీటీ కొట్టేసి, ఇంకొకటి రాయడం మొదలుపెట్టింది.