సున్నాకు పడిపోయే ముల్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అందరికీ చెబుతుంది. ఆ వానాకాలం అది నెత్తికెక్కి కూర్చుంది. కారణం నా పాత కారులో వేగం చూపించే ముల్లు. పల్సానాలో నేను పనివాళ్ళ మీద మాస్టరుగా ఉన్న మరమగ్గాల కార్ఖానాకు, మేం వలసొచ్చి ఉంటున్న డిండోలి నుంచి రోజూ ఆ కారులోనే పోతాను. అరవై మీద ఉన్న ముల్లు ఉన్నట్టుండి సున్నాకు పడిపోయేది. బండి మాత్రం పరుగెడుతూనే ఉండేది. ఇంజను బొమ్మ ఉన్న పసుపుపచ్చ దీపం వెలిగేది. కాసేపటికి ముల్లు తనంతట తానే లేచేది. లేచినా నాకు నిమ్మళం లేదు. మళ్ళీ ఎప్పుడు పడుతుందోనని రోడ్డు వదిలేసి దాన్నే చూస్తూ నడిపేవాణ్ణి. ఓ రోజు ముందున్న టెంపోను గుద్దబోయి ఆగాను.

మెకానిక్ ఇంటి మనిషే, మా ఆవిడ తమ్ముడు. ఒకప్పుడు నా దగ్గరే మగ్గం నడిపాడు, నచ్చక వదిలేసి ఉధ్నాలో గ్యారేజీ పెట్టుకున్నాడు. స్కానర్ తగిలిస్తే ‘పి జీరో ఫైవ్ డబుల్ జీరో’ అని వచ్చింది.

“బండి స్పీడు కంప్యూటర్‌కు అందుతలేదు బావా. సెన్సారన్న పోయుండాలె, వైరన్న తెగుండాలె. వైరింగ్ల ఎవలన్న చెయ్యి పెట్టిండ్రా?”

“ఎవలు పెడ్తరు? నీ దగ్గరికి తప్ప ఇది ఏడికి పోతది?”

“అయితే ఒక్కరోజు ఇడిసిపెట్టు. వైరు మొత్తం ఇప్పి చూస్త.”

ఒక్కరోజు! అప్పుడు పండగ మాలు మగ్గాల మీద ఉంది. నాకు అరగంట నిలకడ లేదు. సెన్సారు మార్చి పడెయ్యమన్నాను. గేరుబాక్సు మీది సెన్సారు తీసి వేరేది పెట్టాడు, స్కానరుతో కోడు చెరిపేశాడు. వాడు డబ్బాలోంచి ఏది తీశాడో నేను చూడలేదు, ఫోన్లో ఎవరినో తిడుతున్నాను. నాలుగు రోజులు ముల్లు బుద్ధిగా ఉంది. అయిదో రోజు వానలో బండి గుంతలో పడి లేవగానే మళ్ళీ సున్నా.

ఒళ్ళు మండిపోయింది. నేరుగా గ్యారేజీకి పోయాను. అక్కడ నలుగురు గిరాకీలు కూర్చుని ఉన్నారు.

“సొంత బావకే పాత సెన్సార్ తగిలిస్తివి. వేరేటోళ్లను ఇంకెట్ల ముంచుతున్నవో.”

తెలుగులో అని ఊరుకున్నానా? తెలుగు రాని ఆ గిరాకీలందరికీ తెలియాలని హిందీలో మళ్ళీ అన్నాను. వాడు చేతిలోని గుడ్డ కింద పెట్టి, లోపలికి వస్తే మాట్లాడుకుందామన్నాడు. నేను వినిపించుకోలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె నా ముందే తమ్ముడికి ఫోన్ చేసి, “నా ఇంటికే మోసం చేస్తివారా?” అని అడిగింది. వాడు ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు చేసినా వాడు ఫోన్ ఎత్తలేదు. రాఖీ పున్నానికి వారం ఉంది. మా నేతవాళ్ళకు అది పెద్ద పండగ. మగవాళ్ళం జంధ్యాలు మార్చుకుంటాం. తమ్ముడు వచ్చి అక్క చేత రాఖీ కట్టించుకుని, భోంచేసి పోతాడు. మా పెళ్ళయ్యాక వాడు రాని ఏడాది లేదు. ఆ వారమంతా ఆమెకు ఇంట్లో కాలు నిలవలేదు. తలుపు చప్పుడైతే చాలు లేచేది.

“నువ్వన్నది నిజమే గద?” అని రోజూ అడిగేది.

“నిజం గాకుంటే నాకేం పట్టింది?” అని కసిరేవాణ్ణి.

పండగ ముందు రోజు మధ్యాహ్నం కార్ఖానాలో బానెట్ ఎత్తాను. వాడి మోసం రుజువు చేద్దామనే ఎత్తాను, అబద్ధమెందుకు. ఎలక్ట్రీషియన్ దగ్గర మీటరు తెచ్చి, సెన్సారుకు పోయే తీగలు ఒక్కొక్కటే చూశాను. రెండు తీగలకు, తెగలేదన్నట్టు, మీటరు కూత పెట్టింది. మూడోదానికి లేదు. కదిపితే కూసింది, వదిలితే ఆగింది. బ్యాటరీ వెనక నల్ల తొడుగు విప్పితే టేపు చుట్టిన ఉబ్బు కనిపించింది. టేపు ఊడదీశాను. చిలుము పట్టి పచ్చబడిన రాగి పోగులు, వాటికి నేతముడి.

నేను వేసిన ముడే. ఎండాకాలంలో నీళ్ళు పోద్దామని బానెట్ ఎత్తినప్పుడు ఎలుక కొరికిన తీగ కనిపించింది. తెగిన పోగు కనబడితే మా చేతులు ఊరుకోవు. ముడేసి, టేపు చుట్టి, మగ్గాల దగ్గరికి పోయాను. పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి పోగులు అతుకుతున్నవాడికి అదొక రిపేరని తోచదు, గుర్తూ ఉండదు. అందుకే ఎవరన్నా చెయ్యి పెట్టారా అని వాడు అడిగితే లేదన్నాను. దారానికి ముడి చాలు. కరెంటు పారే తీగకు టంకం పడాలి.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చిలుము గీకి, టంకం వేసి, కారు తీశాను. ఉధ్నా దాకా ముల్లు ఒక్కసారి కూడా పడలేదు. నాకే కుదురు లేదు. గ్యారేజీలో గిరాకీలు ఇద్దరే ఉన్నారు. తప్పు నాదేనని, సెన్సారు మంచిదేనని, తీగ పాడు చేసింది నేనేనని వాళ్ళ ముందే హిందీలో చెప్పాను. మా బామ్మర్ది కారు కింద నుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

“నువ్వు తిట్టుడు నాకు కొత్తగాదు బావా. మగ్గం మీదున్నప్పటి సంది పడుతున్న. గని అక్క ఏమైందని ఒక్కమాట అడగలే. నమ్మేసింది.”

“రేపు ఇంటికి రా.”

“అక్కకు చెప్పినవా?”

“ఇంకా లేదు.”

“ముందుగాల పోయి చెప్పు” అని మళ్ళీ కారు కిందికి దూరాడు.

ఇంటికి పోయి నిలబడే చెప్పాను. మా ఆవిడ పప్పు కడుగుతూ అంతా విన్నది.

“ఒక్కరోజు ఆగు, వైరు ఇప్పి చూస్త అని వాడన్నడా?”

“అన్నడు.”

“ఆ ముచ్చట నాకెందుకు చెప్పలే?”

పండగ పొద్దున్నే ఆమె రాఖీ, తీపి డబ్బా సంచిలో పెట్టుకుంది. కారు స్టార్ట్ చేసి పెట్టాను, ఎక్కమన్నాను. ఎక్కలేదు. నన్ను రావద్దని చెప్పి, మెయిన్ రోడ్డు దాకా నడిచి షేర్ ఆటో ఎక్కింది. నేను వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. ఒంటిగంటకు ఆమె తిరిగొచ్చి, తీపి డబ్బా ఎట్లా పోయిందో అట్లాగే వాకిలి గట్టు మీద పెట్టింది.

“చెయ్యి చాపిండు, కట్టిన. నా మొఖం చూడలే” అని లోపలికి పోయింది.